అత్యవసర సమయాల కోసం హ్యామ్ రేడియో పరికరాలు: మొదట ఏది కొనాలి?

శ్రవణం (ప్రశ్న)

అందరికీ నమస్కారం. అమెచ్యూర్ రేడియో (హ్యామ్) లైసెన్సు ఈమధ్యే చేతికి వచ్చింది, సొంత సెట్టు మాత్రం ఇంకా కొనలేదు. తుఫానో, వరదో, భూకంపమో వచ్చి సెల్‌ఫోన్ టవర్లు మూగబోయి, కరెంటు రెండు మూడు రోజుల పాటు రాకపోయినా మాట అవతలికి చేరే ఏర్పాటు ఒకటి ఇంట్లో ఉండాలన్న ఆలోచనతోనే నేను ఈ పరీక్ష రాశాను. దూరదేశాలతో మాట్లాడటం నాకు ఇష్టమే గాని అది తరువాతి సంగతి.

మా పరిస్థితి ఇది. ఆస్పత్రి, సహాయ శిబిరంగా వాడుకోదగిన బడి మా ఇంటికి 12 కిలోమీటర్ల దూరంలో ఉన్నాయి. నడుమ కొండలేవీ లేవు గాని మేడలు, చెట్లు దట్టంగా ఉన్నాయి. సహాయక చర్యలు నడిపే అధికారులు ఉండే నగరం 200 కిలోమీటర్ల అవతల ఉంది. మా వీధిలో స్వచ్ఛందంగా పనిచేసేవారు కొందరున్నారు, వారిలో మరో ఇద్దరికి మాత్రమే లైసెన్సు ఉంది.

ఈ రెండు దూరాలకూ ఒకే సెట్టు సరిపోతుందా? చేతి సెట్లలో 5 వాట్లది తీసుకోవాలా, 10 వాట్లని అమ్ముతున్నది తీసుకోవాలా? డిజిటల్ సెట్టు మేలని కొందరు అంటున్నారు, అది నిజమేనా? బ్యాటరీ ఎంత పెద్దది ఉండాలి? అనుభవం ఉన్నవారు వివరంగా చెబితే ఎంతో మేలు చేసినవారవుతారు.

గాలిబాట

శ్రవణం గారూ, ఎవరితో మాట్లాడాలో, ఎంత దూరమో ముందే రాశారు కాబట్టి జవాబు చెప్పడం సులువైంది. చాలామంది సెట్టు పేరు ముందు అడిగి, దూరం సంగతి తరువాత ఆలోచిస్తారు. మీకున్నవి రెండు వేర్వేరు దారులు. 12 కిలోమీటర్లది వీహెచ్‌ఎఫ్ (దగ్గరి దూరాలకు వాడే ఎక్కువ ఫ్రీక్వెన్సీ తరంగాల) పని, 200 కిలోమీటర్లది హెచ్‌ఎఫ్ (ఆకాశం నుంచి వంగి దిగగల తక్కువ ఫ్రీక్వెన్సీ తరంగాల) పని. రెండోదాని గురించి నాకంటే బాగా తెలిసినవారు ఇక్కడ ఉన్నారు, నేను మొదటిదాని గురించే చెబుతాను.

రెండు మీటర్ల బ్యాండులో, అంటే తరంగం పొడవు సుమారు రెండు మీటర్లుండే 145 మెగాహెర్ట్జ్ ప్రాంతంలో, తరంగం దాదాపు చూపు వెళ్లినంత దూరమే వెళుతుంది. యాంటెనా ఎత్తును మీటర్లలో తీసుకుని, దాని వర్గమూలాన్ని 4.12తో గుణిస్తే ఆ యాంటెనాకు రేడియో దిగంతం కిలోమీటర్లలో వస్తుంది. రెండు చివరలవీ కూడితే మొత్తం దూరం. మనిషి చేతిలో ఒకటిన్నర మీటర్ల ఎత్తున ఉన్న సెట్టుకు అది 5 కిలోమీటర్లు మాత్రమే. ఇద్దరూ చేతి సెట్లు పట్టుకుంటే, అడ్డం ఏమీ లేని చదును నేల మీద కూడా 10 కిలోమీటర్ల దగ్గర లెక్క ముగిసిపోతుంది. మేడలు, చెట్లు ఉన్నచోట రెండు మూడు కిలోమీటర్లు దొరికితే గొప్ప. అదే మీ డాబా మీద 9 మీటర్ల ఎత్తున ఒక యాంటెనా నిలబెడితే ఆ వైపు దిగంతం 12 కిలోమీటర్లు దాటుతుంది. బడి మీద కూడా అటువంటిదే ఒకటి ఉంటే మొత్తం 25 కిలోమీటర్ల దాకా వస్తుంది, మీ 12 కిలోమీటర్లు అందులో హాయిగా ఇమిడిపోతాయి.

5 వాట్లా, 10 వాట్లా అన్న ప్రశ్నకు కూడా జవాబు ఇందులోనే ఉంది. శక్తి రెట్టింపు చేస్తే వచ్చేది 3 డెసిబెల్స్, అంటే అవతలి సెట్టులో సిగ్నల్ బలం చూపే మీటరు మీద అర గీత (అర ఎస్-యూనిట్). దానికోసం బ్యాటరీ త్వరగా ఖాళీ అవుతుంది, సెట్టు వేడెక్కుతుంది. చేతి సెట్టు 5 వాట్లది చాలు. దానికి బదులు సెట్టుతో వచ్చే పొట్టి రబ్బరు యాంటెనాను మార్చండి. ఇంకో చిన్న పని ఉంది, అది ఎవరైనా చేసుకోవచ్చు. 49 సెంటీమీటర్ల మెత్తటి తీగ ముక్కను యాంటెనా సాకెట్ బయటి లోహపు అంచుకు తగిలించి కిందికి వేలాడదీయండి. అది 145 మెగాహెర్ట్జ్ దగ్గర పావు తరంగదైర్ఘ్యం. అప్పటిదాకా చేతిని, ఒంటిని ఆధారం చేసుకున్న యాంటెనాకు సరైన రెండో సగం దొరికి, అవతలివారికి గరగరగా వినబడే మాట తేటపడుతుంది.

ఇంట్లో ఉంచడానికి 50 వాట్ల మొబైల్ సెట్టు, అంటే వాహనాల్లో బిగించే రకం, నా దృష్టిలో మీరు మొదట కొనవలసిన వస్తువు. దాన్ని యాంటెనాకు కలిపే కోయాక్స్ కేబుల్ విషయంలో పొదుపు చూడకండి. సన్నటి ఆర్‌జీ-58 కేబుల్ 15 మీటర్లు వాడితే 145 మెగాహెర్ట్జ్ దగ్గర దాదాపు సగం శక్తి కేబుల్‌లోనే వేడిగా మారిపోతుంది. లావుపాటి ఆర్‌జీ-213 అయితే పోయేది పావు వంతే. పైగా ఈ నష్టం వినేటప్పుడు కూడా ఉంటుంది, అందుకే వాట్లు పెంచి దాన్ని పూడ్చలేము.

ఇక డిజిటల్ మాట. డీఎంఆర్, డీ-స్టార్, సీ4ఎఫ్‌ఎం అన్నవి ఒకదాని భాష ఒకదానికి తెలియని మూడు వేర్వేరు పద్ధతులు. అవి అందించే దూరపు సంబంధాల్లో ఎక్కువ భాగం ఇంటర్నెట్ మీద ఆధారపడి రిపీటర్లను, అంటే ఎత్తైన చోట ఉండి మాటను అందుకుని మళ్లీ ప్రసారం చేసే స్టేషన్లను, కలిపేవి. విపత్తులో ముందు తెగిపోయేది ఆ ఇంటర్నెట్టే. మామూలు ఎఫ్‌ఎం ప్రతి సెట్టులోనూ ఉంటుంది. ఎక్కడినుంచో సహాయానికి వచ్చిన అపరిచితుడి సెట్టుతో మీ సెట్టు మాట్లాడాలంటే ఎఫ్‌ఎం ఒక్కటే నమ్మదగినది. రిపీటర్ ఉంటే సంతోషమే గాని, అది లేదనుకుని సింప్లెక్స్‌లో, అంటే సెట్టు నుంచి సెట్టుకు నేరుగా, మీ బడి దాకా మాట వెళుతుందో లేదో ఇప్పుడే చూసుకోండి.

రాగితీగ

గాలిబాట గారు వదిలిన 200 కిలోమీటర్ల దగ్గర నేను అందుకుంటాను. హెచ్‌ఎఫ్ అనగానే ఖండాలు దాటే మాటలే గుర్తుకొస్తాయి కాబట్టి, 200 కిలోమీటర్లు దానికి చాలా తేలిక అనిపిస్తుంది. నిజానికి అది చిక్కు దూరం. నేలను అంటిపెట్టుకుని వెళ్లే తరంగం కొన్ని పదుల కిలోమీటర్లలో నీరసించిపోతుంది. 20 మీటర్ల బ్యాండులో అయనావరణం (వాతావరణపు పైభాగంలోని విద్యుదావేశపు పొర) నుంచి వంగి దిగే తరంగం సాధారణంగా ఎన్నో వందల కిలోమీటర్ల అవతల గాని నేలను తాకదు. ఈ రెంటి నడుమ ఏమీ వినబడని ఖాళీ పట్టీ ఒకటి ఏర్పడుతుంది, మీ నగరం సరిగ్గా ఆ పట్టీలో ఉంది.

ఆ పట్టీని నింపే పద్ధతికి ఎన్‌వీఐఎస్ అని పేరు. తరంగాన్ని దాదాపు నిట్టనిలువుగా పైకి పంపితే అది అయనావరణాన్ని తాకి చుట్టూ మూడు నాలుగు వందల కిలోమీటర్ల మేర వానలా కిందికి దిగుతుంది. నడుమ కొండలు ఉన్నా దానికి అడ్డం కావు. నిలువుగా పంపినా తిరిగి రాగల ఫ్రీక్వెన్సీకి ఒక పైహద్దు ఉంటుంది, అది సూర్యుడితో పాటు పెరిగి తగ్గుతుంది. అందుకే పగలు 40 మీటర్ల బ్యాండు, చీకటి పడ్డాక 80 మీటర్ల బ్యాండు పనిచేస్తాయి. ఆ రెంటి నడుమ 2015 నాటి ప్రపంచ రేడియో సమావేశం 5351.5 నుంచి 5366.5 కిలోహెర్ట్జ్ వరకు ఒక చిన్న ముక్కను అమెచ్యూర్లకు కేటాయించింది. మీ లైసెన్సు అనుమతిస్తే సంధ్యవేళల్లో అది బాగా అక్కరకొస్తుంది.

దీనికి కావలసిన యాంటెనా హ్యామ్ రేడియోలోకెల్లా సాదా వస్తువు. 143ను మెగాహెర్ట్జ్‌తో భాగిస్తే అర తరంగపు డైపోల్ (నడిమధ్య కేబుల్ కలిపే తీగ యాంటెనా) పొడవు మీటర్లలో వస్తుంది. 7.1 మెగాహెర్ట్జ్‌కు 20 మీటర్ల తీగ, నడిమధ్య కోసి ఒక్కో పక్క 10 మీటర్లు. దాన్ని ఆకాశమంత ఎత్తున కట్టనక్కరలేదు, కట్టకూడదు కూడా. నడిమిభాగం ఏడెనిమిది మీటర్ల ఎత్తున ఉండి రెండు చివరలూ కిందికి వాలితే ఈ పనికి చక్కగా సరిపోతుంది. నిలువు యాంటెనా మాత్రం వద్దు. అది తరంగాన్ని దిగంతం వైపు పంపుతుంది, మనకు కావలసింది నడినెత్తి వైపు. తీగ, దాన్ని వేలాడదీసే తాడు, నడిమధ్య కేబుల్‌ను తీగకు సరిగా కలిపే బాలన్ అనే చిన్న పరికరం, కేబుల్ అన్నీ ఒకే సంచిలో చుట్టి ఉంచుకోండి. డాబా మీది యాంటెనా గాలికి కూలిపోయినా, ఈ సంచి ఉంటే వాన వెలిసిన అరగంటలో మళ్లీ గాలిలోకి రావచ్చు.

సెట్టు విషయంలో నా అభిప్రాయం ఖచ్చితమైనది: 100 వాట్ల హెచ్‌ఎఫ్ సెట్టు తీసుకోండి. తుఫాను అంటేనే మెరుపులు, 40, 80 మీటర్ల బ్యాండుల్లో ఆ మెరుపుల చిటపటలు వందల కిలోమీటర్ల నుంచి వచ్చి చెవులు నింపుతాయి. ఆ రొదలో 10 వాట్ల గొంతు మునిగిపోతుంది. 10కి, 100కి తేడా 10 డెసిబెల్స్. మామూలు రోజున అది సౌకర్యం, అటువంటి రాత్రి అవతలివారికి మనం వినబడటమో వినబడకపోవడమో దానిమీదే ఆధారపడుతుంది.

2004 డిసెంబరు 26న సునామీ వచ్చేనాటికి భారతీ ప్రసాద్ గారి హ్యామ్ బృందం అండమాన్‌లోని పోర్ట్ బ్లెయిర్‌లో ఉంది. మామూలు సమాచార సంబంధాలు తెగిపోయిన ఆ దీవుల నుంచి హెచ్‌ఎఫ్ మీద వారు కబుర్లు చేరవేశారు. వారు వెళ్లింది దూరదేశాల హ్యామ్‌లతో మాట్లాడటానికి. మీరు రెండో సంగతి అని పక్కన పెట్టిన ఆ ఇష్టాన్ని దయచేసి వదలకండి, సెట్టు మీద చేయి తిరిగేది దానివల్లనే.

నిండుబ్యాటరీ

రాగితీగ గారి యాంటెనా పాఠంతో నూటికి నూరుపాళ్లు ఏకీభవిస్తాను. 100 వాట్ల దగ్గర మాత్రం ఒక మాట చెప్పాలి. ఆ తరగతి సెట్టు పంపేటప్పుడు 20 ఆంపియర్ల దాకా లాగుతుంది. అంతకంటే ముఖ్యంగా, ఊరికే వింటూ ఉన్నప్పుడు కూడా ఒక ఆంపియర్ దాకా తీసుకుంటుంది. అత్యవసరంలో మనం చేసే పనిలో ఎక్కువ భాగం వినడమే కదా. రోజంతా వింటే 24 ఆంపియర్-గంటలు ఒక్క మాటైనా పంపకుండానే ఖర్చయిపోతాయి. ఐకామ్ ఐసీ-705 వంటి 10 వాట్ల సెట్టు వినేటప్పుడు అందులో మూడో వంతు, పంపేటప్పుడు 3 ఆంపియర్ల లోపు తీసుకుంటుంది. దానికి తగిలించే సొంత బ్యాటరీతోనైతే 5 వాట్లే వస్తాయని గుర్తుంచుకోండి. కాబట్టి నిర్ణయం వాట్ల మీద కాదు, మీరు మోయగల, చార్జి చేయగల బ్యాటరీ మీద ఆధారపడాలి.

వీహెచ్‌ఎఫ్ మొబైల్ సెట్టుకు లెక్క ఇలా వేయండి. వినేటప్పుడు అర ఆంపియర్, 50 వాట్ల మీద పంపేటప్పుడు 10 ఆంపియర్లు అనుకుందాం. పది నిమిషాలకు ఒక నిమిషం మాట్లాడితే గంటకు సుమారు ఒకటిన్నర ఆంపియర్-గంటలు, రోజుకు 35. అదే శక్తిని 10 వాట్లకు తగ్గించి నాలుగు ఆంపియర్లతో పంపితే రోజుకు 20 సరిపోతాయి. మబ్బు పట్టిన రోజుల్లో సోలార్ పలక నుంచి వచ్చేది చాలా తక్కువ కాబట్టి, రెండు రోజులు ఎండ లేకుండా గడవాలన్న లెక్కతో 50 ఆంపియర్-గంటల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ పెట్టుకోండి.

సీసపు బ్యాటరీ వద్దని ఎందుకు అంటున్నానంటే, దాన్ని సగానికి మించి వాడితే దాని ఆయుష్షు తగ్గిపోతుంది. పైగా సగం ఖాళీ అయ్యేసరికి దాని వోల్టేజి జారిపోతుంది. చాలా సెట్లు 13.8 వోల్టులకు 15 శాతం అటూ ఇటూ, అంటే కింద 11.7 దాకా మాత్రమే ఒప్పుకుంటాయి. ఇక్కడ తీగ మందం కూడా చూడాలి. రెండున్నర చదరపు మిల్లీమీటర్ల రాగి తీగతో బ్యాటరీని 3 మీటర్ల దూరాన పెడితే, 20 ఆంపియర్ల దగ్గర రానూపోనూ దారిలోనే 0.8 వోల్టు పోతుంది. సగం వాడిన సీసపు బ్యాటరీ నుంచి ఆ ముప్పావు వోల్టు కూడా పోయిందంటే, మీరు మాట్లాడటం మొదలుపెట్టగానే సెట్టు ఆరిపోతుంది, బటన్ వదలగానే మళ్లీ వెలుగుతుంది. అది చూసి సెట్టు పాడైందనుకునేవారు చాలామంది ఉన్నారు. ఫాస్ఫేట్ బ్యాటరీ దాదాపు చివరిదాకా 13 వోల్టుల దగ్గరే నిలబడుతుంది. దాన్ని సున్నా డిగ్రీల కంటే తక్కువ చలిలో మాత్రం చార్జి చేయకూడదు.

ఫ్యూజు బ్యాటరీకి అతి దగ్గరగా, వీలైతే దాని మీదనే ఉండాలి. అన్ని వస్తువులకూ ఒకే రకం కనెక్టర్ పెట్టుకోండి. చాలా చోట్ల అత్యవసర హ్యామ్ బృందాలు ఆండర్సన్ పవర్‌పోల్ వాడతాయి, అదే పెట్టుకుంటే ఒకరి బ్యాటరీ ఇంకొకరి సెట్టుకు అక్కడికక్కడే తగులుతుంది.

సోలార్ పలక నుంచి బ్యాటరీకి వెళ్లే కరెంటును అదుపు చేసే చార్జి కంట్రోలర్ కొన్నాక ఒక పరీక్ష తప్పకుండా చేయండి. మంచి ఎండలో హెచ్‌ఎఫ్ సెట్టును 40 మీటర్ల బ్యాండులో ఎవరూ మాట్లాడని ఫ్రీక్వెన్సీ మీద పెట్టి వింటూ, పలక తీగను తగిలించండి, తీయండి. తగిలించగానే సన్నటి ఈల గాని, బర్రుమనే మోత గాని మొదలైతే ఆ కంట్రోలర్ మీ పనికి రాదు, లేదా తీగలకు 31 రకం ఫెర్రైట్ రింగులు వేసి దాన్ని అణచాలి.

శ్రవణం

ఇంత ఓపికగా రాసినందుకు మీ అందరికీ కృతజ్ఞతలు. నేను అనుకుంటున్నది చెబుతాను, తప్పయితే సరిచేయండి. ముందుగా 50 వాట్ల వీహెచ్‌ఎఫ్ మొబైల్ సెట్టు, డాబా మీద యాంటెనా, 50 ఆంపియర్-గంటల బ్యాటరీ. తరువాత 5 వాట్ల చేతి సెట్టు. హెచ్‌ఎఫ్ సెట్టు కొన్ని నెలలు ఆగి కొంటాను. అయితే 10, 100 వాట్ల నడుమ ఇంకా తేల్చుకోలేకపోతున్నాను. రేడియో మీద ఈమెయిల్ పంపే విన్‌లింక్ గురించి కూడా విన్నాను. లైసెన్సు లేని మా స్వచ్ఛంద సేవకులను ఈ పనిలో ఎలా వాడుకోవాలో కూడా తెలియడం లేదు.

రాగితీగ

మీ వరుస బాగుంది. నిండుబ్యాటరీ గారు చెప్పిన వినికిడి ఖర్చు నిజమే, దాన్ని నేను తక్కువ చేయను. అయినా 100 వాట్ల సెట్టును 10 వాట్లకు తగ్గించుకోవచ్చు, 10 వాట్ల సెట్టును 100కు పెంచలేము. ఇంట్లో స్థిరంగా ఉండే సెట్టు అయితే 100 వాట్లదే కొనండి. వీపున మోసుకుని శిబిరాలకు వెళ్లేది మీరే అయితే ఆయన మాట వినండి. వినికిడి ఖర్చు తగ్గించడానికి ఒక పద్ధతి ఉంది. నగరంలోని స్టేషన్‌తో ముందే మాట్లాడుకుని, ప్రతి గంట మొదటి పది నిమిషాలు మాత్రమే హెచ్‌ఎఫ్ తెరవండి. పగలు ఏ ఫ్రీక్వెన్సీ, రాత్రి ఏ ఫ్రీక్వెన్సీ, అది ఖాళీగా లేకపోతే ఏది అన్నది ఇద్దరి దగ్గరా కాగితం మీద ఉండాలి. ఐఏఆర్‌యూ (అంతర్జాతీయ అమెచ్యూర్ రేడియో సంఘం) అత్యవసర కార్యకలాపాల కేంద్రాలుగా సూచించిన 14.300, 18.160, 21.360 మెగాహెర్ట్జ్‌లను కూడా ఆ కాగితం మీద రాయండి, అవి మీ నగరం కోసం కాదు, అంతకంటే దూరపు సహాయం కోసం.

చెవిఒగ్గి

చివరి రెండు ప్రశ్నలకు నేను చెబుతాను.

విన్‌లింక్ మంచి సాధనం. ఆస్పత్రికి కావలసిన మందుల పట్టిక వంటివి గొంతుతో చదివితే పొరపాటు దొర్లుతుంది, అక్షరాలుగా పంపితే ఉన్నదున్నట్టు చేరుతుంది. మీ స్టేషన్ హెచ్‌ఎఫ్ మీద విపత్తు ప్రాంతానికి అవతల ఉన్న మరో స్టేషన్‌ను అందుకుంటే చాలు, అక్కడి ఇంటర్నెట్ ద్వారా అది మామూలు ఈమెయిల్‌గా వెళ్లిపోతుంది. 10, 20 వాట్లతో కూడా బాగా నడుస్తుంది. కాని దానికి ల్యాప్‌టాప్ కావాలి, తరచుగా ల్యాప్‌టాపే సెట్టు కంటే ఎక్కువ కరెంటు తింటుంది. గొంతుతో సందేశం పంపడం, రాసుకోవడం చేతనయ్యాక దాన్ని నేర్చుకోండి.

లైసెన్సు లేనివారు మీ సెట్టు మీద సొంతంగా మాట్లాడకూడదు, అది స్పష్టం. ఇతరుల సందేశాలను మీరు చేరవేయవచ్చా అన్నది మామూలు రోజుల్లో దేశాన్ని బట్టి మారుతుంది. ఐటీయూ (అంతర్జాతీయ టెలికాం సంఘం) రేడియో నిబంధనల 25వ అధికరణం మాత్రం అత్యవసరాల్లో, విపత్తు సహాయంలో మూడో వ్యక్తుల సందేశాలను దేశాల మధ్య చేరవేయడానికి అమెచ్యూర్ స్టేషన్లను వాడవచ్చని చెబుతుంది, అటువంటి పనికి అవి సిద్ధపడేలా చర్యలు తీసుకోమని ప్రభుత్వాలను ప్రోత్సహిస్తుంది. మీ దేశపు నిబంధనల్లో ఆ భాగాన్ని ఇప్పుడే చదివి పెట్టుకోండి.

ఇక వారికి ఇవ్వదగిన పని చాలా ఉంది, అది తక్కువ పని ఏమీ కాదు. సందేశం రాసుకునేవారు ఒకరు పక్కన ఉంటే మాట్లాడేవారికి సగం భారం తగ్గుతుంది. ప్రతి సందేశానికి వరుస సంఖ్య, సమయం, ఎవరి నుంచి, ఎవరికి అన్నవి పైన రాసి, అసలు మాటను వీలైనంత క్లుప్తంగా కింద రాయాలి. అందుకున్నవారు దాన్ని తిరిగి చదివి వినిపించేదాకా పంపినట్టు లెక్క కాదు. పేర్లను, మందుల పేర్లను ఆల్ఫా, బ్రావో, చార్లీ పద్ధతిలో అక్షరం అక్షరంగా చెప్పాలి. వీధిలో తిరిగేవారికి లైసెన్సు అవసరం లేని చిన్న సెట్లు మీ దేశంలో అనుమతించి ఉంటే అవి ఇవ్వండి, వారి కబుర్లు మీ దగ్గరికి చేరితే మీరు 12 కిలోమీటర్ల అవతలికి పంపుతారు.

చేతి సెట్టు కొనేటప్పుడు రెండు విషయాలు చూడండి. కంప్యూటర్ లేకుండా దాని మీటలతోనే కొత్త ఫ్రీక్వెన్సీ, రిపీటర్ ఆఫ్‌సెట్ (రిపీటర్ వినే, పంపే ఫ్రీక్వెన్సీల నడుమ తేడా), సీటీసీఎస్‌ఎస్ టోన్ (రిపీటర్‌ను తెరిచే మంద్రమైన స్వరం) పెట్టగలగాలి. బయటి ఊరి బృందం వచ్చి తమ ఫ్రీక్వెన్సీ చెప్పిన క్షణాన ఇది మీకు తెలిసి ఉండాలి. రెండోది, మామూలు పెన్సిల్ సెల్స్ వేసుకునే పెట్టె ఆ సెట్టుకు దొరుకుతుందా అన్నది. యాయేసు (Yaesu) కంపెనీ చేతి సెట్టు ఎఫ్‌టీ-60ఆర్‌కు అటువంటిది ఉంది. చార్జింగ్ దొరకని మూడో రోజున శక్తిని కనిష్ఠానికి తగ్గించి ఆ సెల్స్‌తోనే నడపవచ్చు. సెల్స్‌ను సెట్టులో వేసి నిల్వ ఉంచకండి, కారితే లోపలి స్ప్రింగులు పాడవుతాయి.

మీ ముగ్గురు లైసెన్సుదారులూ వారానికి ఒక సాయంత్రం, మెయిన్ స్విచ్ కట్టేసి బ్యాటరీ మీదనే, బడి దగ్గర ఒకరు నిలబడి సింప్లెక్స్‌లో మాట్లాడుకోండి. డాబా మీద యాంటెనా పెట్టగానే ఏ మూల నుంచి మాట తేటగా వస్తోందో, ఎక్కడ తెగిపోతోందో రాసుకుని ఇక్కడ చెప్పండి. తెగిపోయే చోట యాంటెనాను ఒక మీటరు పక్కకు జరిపినా తేడా వస్తుంది, ఆ కొలతలు చూశాక యాంటెనా స్తంభం ఎంత ఎత్తు ఉండాలో గాలిబాట గారు ఖచ్చితంగా చెప్పగలరు.